స్థానికం, సార్వత్రికం: అచ్చుకూర్పు భాషల చరిత్రలో ఒక వైరుధ్యం

పుస్తకం ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏ పరిస్థితుల్లో రాశారు అని మన విమర్శ అడుగుతుంది. ఆ రాత పేజీగా ఎట్లా మారిందని మాత్రం అరుదుగా అడుగుతుంది. అది ప్రెస్సువాళ్ల వ్యవహారమని వదిలేస్తాం. ఈ వ్యాసంలో నేను ఆ వదిలేసిన వ్యవహారంలోంచి ఒకే ఒక్క అంశాన్ని తీసుకుంటున్నాను. అక్షరాలు కూర్చే యంత్రానికి మనిషి "ఇకనుంచి చిన్న టైపు" అని చెప్తాడు. ఆ 'ఇకనుంచి' ఎందాకా? చూడటానికి ఇది పిల్లల ప్రశ్న. కాని 1960ల నుంచి ఈ ప్రశ్న మీదనే అచ్చుకూర్పు భాషలు ఒకదానితో ఒకటి విభేదించాయి. ఈనాడు తెలుగు పద్యాన్ని, దాని మీద వ్యాఖ్యానాన్ని ఒకే పేజీలో కూర్చాలనుకునే విద్యార్థి కూడా ఈ ప్రశ్ననే ఎదుర్కొంటున్నాడు.

సీసపు అక్షరాల కాలంలో ఈ ప్రశ్న పుట్టలేదు. సటీక ప్రతి ఒకటి కంపోజింగుకు వచ్చిందనుకుందాం. మూలపద్యం పెద్ద టైపు, ప్రతిపదార్థం చిన్న టైపు, తాత్పర్యం ఆ రెండింటికీ మధ్యరకం. ప్రతి మీద సంపాదకుడు పద్యం పక్కన పెన్సిలుతో నిలువుగీత గీసి 'పెద్ద టైపు' అని రాస్తే చాలు. "పద్యం అయిపోయాక మళ్లీ మామూలు టైపుకు రావలెను" అని ఎవరూ రాయలేదు. రాస్తే కంపోజిటర్ నవ్వేవాడు. పద్యం ఎక్కడ ఆగిందో ఆయనకు కనబడుతూనే ఉంది, చేయి దానంతటదే మరో కేసు వైపు పోతుంది. హద్దు ఆ మనిషి చదువులో, అలవాటులో ఉంది. యంత్రానికి ఈ చదువు లేదు. కనుక హద్దును మాటల్లో పెట్టి చెప్పవలసి వచ్చింది. కంపోజిటర్‌కు ఇంత విషయం తెలుసునన్న సంగతి ఆయన స్థానంలో యంత్రాన్ని కూర్చోబెట్టిన తర్వాతనే లోకానికి తెలిసింది.

1964 ప్రాంతంలో ఎం.ఐ.టి.లో జెరోమ్ సాల్ట్‌జర్ రాసిన రనాఫ్ అనే ప్రోగ్రాం ఈ వరసలో తొలితరానికి చెందినది. పంక్తి మొదట చుక్క పెట్టి, ఆ పక్కన ఆజ్ఞ రాయడం దాని పద్ధతి. ఆ సంప్రదాయంలోంచే బెల్ లాబ్స్‌లో జో ఒసానా 1970ల మొదట్లో ట్రాఫ్ రాశాడు. ఫొటోటైప్‌సెట్టర్‌ను నడపడం దాని పని. ట్రాఫ్‌లో 'ఇకనుంచి' అంటే మరో ఆజ్ఞ వచ్చేదాకా అని అర్థం. టైపు మార్చితే మారిపోయినట్టే, వెనక్కు తిరగాలంటే వెనక్కు తిరగమని చెప్పాలి. అందుకోసం 'ఇంతకుముందున్న టైపుకు పో' అనే ఆజ్ఞ ఒకటి ఉంది. అయితే అది గుర్తు పెట్టుకునేది ఒక్క మెట్టు మాత్రమే. మామూలు అక్షరాల వాక్యంలో ఒక పుస్తకం పేరు వాలు అక్షరాల్లో ఉంది, ఆ పేరులో ఒక మాట లావు అక్షరాల్లో ఉంది అనుకోండి. లావు మాట అయిపోయాక 'ముందుదానికి పో' అంటే వాలు టైపు సరిగ్గానే వస్తుంది. పుస్తకం పేరు అయిపోయాక మళ్లీ 'ముందుదానికి పో' అంటే మామూలు టైపు రాదు, లావు టైపే వస్తుంది. ఎందుకంటే యంత్రం లెక్కలో వాలుకు ముందున్నది ఇప్పుడు లావే. దానికి తెలిసింది రెండు గదులు. ఆ రెండింటి మధ్యే అటూ ఇటూ తిరుగుతుంది.

ఒసానాకు ఈ కష్టం తెలియదని అనలేం. ట్రాఫ్‌లో 'ఎన్విరాన్‌మెంట్' అనే ఏర్పాటు ఉంది. టైపు, పరిమాణం, పంక్తి పొడవు, అంచు ఇవన్నీ ఒక మూటగా కట్టి పక్కన పెట్టి, మరో మూట విప్పుకోవచ్చు. కాని ఉన్నవి మూడే మూటలు. సంఖ్యలు దాచుకునే రిజిస్టర్లకు, మాక్రోలకు ఆ మూటల రక్షణ కూడా లేదు. పేర్లు ఒకటి రెండు అక్షరాలకు మించకూడదు, అవి పత్రమంతటికీ ఉమ్మడి. ఇద్దరు మనుషులు విడివిడిగా రాసుకున్న మాక్రోలను ఒకే పత్రంలోకి తెస్తే, ఇద్దరూ ఒకే రెండక్షరాల పేరు వాడి ఉంటే, రెండోది మొదటిదాన్ని చప్పుడు లేకుండా మింగేస్తుంది. చిన్న యంత్రం మీద, చిన్న బృందం కోసం చేసిన పని అది. ఆ పరిమితుల్లో అది గొప్ప పనే. 1977లో ఒసానా చనిపోయిన తర్వాత బ్రయన్ కెర్నిగన్ దాన్ని ఏ యంత్రం మీదనైనా నడిచేట్టు తిరగరాశాడు. భాష స్వభావం మాత్రం మారలేదు.

విచిత్రమేమంటే ఈ సమస్యకు పరిష్కారం పక్కింట్లో అప్పటికే ఉంది. 1960లో వెలువడ్డ ఆల్గోల్ 60 నివేదికలో 'బిగిన్', 'ఎండ్' అనే రెండు మాటల మధ్య ఒక ఆవరణ ఏర్పడుతుంది. ఆ ఆవరణలో ప్రకటించిన పేరు ఆవరణలోనే చెల్లుతుంది, బయట అదే పేరు ఉన్నా దాన్ని ముట్టుకోదు. లెక్కలు చేసే భాషల్లో స్థిరపడ్డ ఈ ఊహ అక్షరాలు కూర్చే భాషల్లోకి రావడానికి పదిహేనేళ్లకు పైగా ఎందుకు పట్టింది? నా అభిప్రాయంలో కారణం సాంకేతికం కాదు. అచ్చు పత్రాన్ని ఒక నిర్మాణంగా ఎవరూ చూడలేదు. అది పంక్తుల వరస, మధ్య మధ్య ఆజ్ఞలు. వరసకు మొదలూ తుదీ ఉంటాయి, లోపలా బయటా ఉండవు.

ఆ లోపలనూ బయటనూ తెచ్చినవాడు డొనాల్డ్ క్నూత్. ఆల్గోల్‌కు అనువాదక ప్రోగ్రాం రాసినవాడు, ఆ భాషలో మిగిలిపోయిన చిక్కుల మీద 1967లో వ్యాసం ప్రకటించినవాడు. 1977 వసంతంలో తన గ్రంథం రెండో సంపుటం కొత్త కూర్పుకు వచ్చిన గాలీ ప్రూఫులు చూసి ఆయన హతాశుడయ్యాడు. మొదటి కూర్పు మోనోటైపు సీసంతో అచ్చయింది, కొత్తది ఫొటో పద్ధతిలో వచ్చింది. గణిత సూత్రాల అందం పోయింది. పుస్తకం పని ఆపి, పుస్తకాన్ని కూర్చే భాష పని మొదలుపెట్టాడు. అదే టెక్. 1982లో దాన్ని మొదటినుంచి తిరగరాశాడు. ఈనాడు మనం టెక్ అంటున్నది ఆ తిరగరాసినదాన్నే.

టెక్‌లో 'ఇకనుంచి'కి జవాబు ఫ్లవర్ బ్రాకెట్. బ్రాకెట్ తెరిచాక ఏది మార్చినా, అది టైపు కానీ అంచు కానీ మాక్రో అర్థం కానీ, బ్రాకెట్ మూసేసరికి పాత విలువకు తిరిగి వస్తుంది. వెనక్కు రమ్మని ఎవరూ చెప్పనక్కరలేదు. లోపల జరిగేది సులువైన పని. విలువ మార్చేముందు పాత విలువను ఒక దొంతర మీద పెడతారు, బ్రాకెట్ మూసినప్పుడు దొంతరలోంచి తీసి యథాస్థానంలో పెడతారు. ఎన్ని బ్రాకెట్లలో బ్రాకెట్లున్నా దొంతర అంత ఎత్తు పెరుగుతుంది, తిరిగి అంత తగ్గుతుంది. ట్రాఫ్ రెండు గదుల తికమక ఇక్కడ లేదు. మార్పు బ్రాకెట్ దాటి బతకాలంటే దాని ముందు 'గ్లోబల్' అని ప్రత్యేకంగా రాయాలి. అంటే మరిచిపోవడం సహజం, గుర్తుంచుకోవడానికి అనుమతి కావాలి. ట్రాఫ్‌కు ఇది సరిగ్గా తలకిందులు.

ఇక్కడ మన పరిభాష గురించి ఒక మాట చెప్పాలి. లోకల్, గ్లోబల్ అనే మాటలకు నేను స్థానికం, సార్వత్రికం అని రాస్తున్నాను. ఈ రెండూ స్థలాన్ని సూచించే మాటలు. ఆల్గోల్‌కు ఇవి సరిపోతాయి. అక్కడ ఆవరణ కాగితం మీద కనబడే చోటు, లోపల ఏ పేరు దేనిదో చదివి చెప్పవచ్చు. టెక్‌లో సంగతి వేరు. 'పద్యం మొదలు' అనే మాక్రోలో బ్రాకెట్ తెరుచుకుని, 'పద్యం తుది' అనే వేరే మాక్రోలో అది మూసుకోవచ్చు. ఒక మాక్రోను ఎక్కడో మొదటి పేజీలో నిర్వచిస్తాం, అది వాడే అంచు కొలత మాత్రం పిలిచిన క్షణంలో ఏది అమల్లో ఉంటే అది. కనుక ఆల్గోల్‌లో స్థానికం అంటే చోటు, టెక్‌లో స్థానికం అంటే వ్యవధి. క్నూత్ తీసుకున్నది ఆల్గోల్ ఆవరణ ఆకారాన్నే, అర్థాన్ని కాదు. ఇది చాలామంది గమనించని తేడా. 'తాత్కాలికం', 'శాశ్వతం' అని అనువదిస్తే నిజానికి ఇంకా దగ్గరగా ఉండేది. కాని మాటలు స్థిరపడిపోయాయి.

మరిచిపోవడమే సహజమైతే కొన్ని చిక్కులు వస్తాయి. వాటిని ఎట్లా పరిష్కరించారన్నదే ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే భాగం. లెస్లీ లాంపోర్ట్ 1980ల తొలి సంవత్సరాల్లో టెక్ మీద లాటెక్ నిర్మించాడు. 1986లో దాని పుస్తకం వచ్చింది. 'ఇక్కడ ఉల్లేఖన మొదలు, ఇక్కడ తుది' అని పేరు పెట్టి ఆవరణలు కట్టే పద్ధతిని ఆయన స్క్రైబ్ నుంచి తీసుకున్నాడు. అది కార్నెగీ మెలన్‌లో బ్రయన్ రీడ్ చేసిన పని, 1980లో ఆయన పరిశోధన గ్రంథం. లాటెక్‌లో ప్రతి ఆవరణా ఒక బ్రాకెట్టే. ఇప్పుడు పద్యాలకు వరస సంఖ్యలు వేసే ఆవరణ ఒకటి తయారు చేశామనుకుందాం. పద్యం అయిపోగానే పెద్ద టైపు పోవాలి. కాని పద్యసంఖ్య కూడా పోతే? పన్నెండో పద్యం అచ్చయి, ఆవరణ మూసుకుని, సంఖ్య మళ్లీ పదకొండుకు తిరిగి వస్తుంది. పుస్తకంలోని పద్యాలన్నీ పన్నెండో పద్యాలే అవుతాయి. అందుకని లాటెక్‌లో కొలతలు మార్చే ఆజ్ఞ స్థానికం, సంఖ్యలు పెంచే ఆజ్ఞ సార్వత్రికం. రూపం ఆ ఖండికకు చెందినది, క్రమం పుస్తకానికి చెందినది.

దీనికన్నా సూక్ష్మమైన సంగతి మరొకటి. పద్యసంఖ్యను తర్వాత ఎక్కడో ప్రస్తావించడానికి పద్యం దగ్గర ఒక గుర్తు పెట్టుకుంటాం. ఆ గుర్తు 'ప్రస్తుత సంఖ్య'ను పట్టుకుంటుంది. సంఖ్య పెరగడం సార్వత్రికమే, 'ప్రస్తుతం దేని గురించి మాట్లాడుతున్నాం' అనేది మాత్రం స్థానికం. గుర్తును ఆవరణ లోపల పెడితే పద్యసంఖ్య వస్తుంది. ఆవరణ మూసిన తర్వాత పెడితే అధ్యాయం సంఖ్య వస్తుంది. సిద్ధాంత గ్రంథాలు కూర్చే విద్యార్థులు దీన్ని యంత్రం మొండితనం అనుకుని విసుక్కుంటారు. కాని మన కథనరీతి తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. కాశీమజిలీ కథల్లో ఉపకథ నడుస్తున్నంతసేపూ 'అతడు' అంటే ఉపకథలోని రాజకుమారుడు. ఉపకథ ముగిసి మజిలీలోకి తిరిగి వచ్చాక 'అతడు' మరొకడు. మజిలీల లెక్క మాత్రం వెనక్కు పోదు.

ఇక ఆవరణ హద్దుకు లొంగనివి కొన్ని ఉన్నాయి. టీకను చిన్న టైపులో పెట్టడానికి బ్రాకెట్ తెరిచి, పేరా చివర పూర్ణవిరామం దగ్గరే మూసేస్తాం. అచ్చులో చూస్తే అక్షరాలు చిన్నవే, పంక్తుల మధ్య ఎడం మాత్రం పెద్ద టైపుదే. లాటెక్ మామూలు కొలతల్లో పాదసూచికల టైపు 8 పాయింట్లు, దాని పంక్తి దూరం 9.5 పాయింట్లు. కాని ఇక్కడ ప్రధాన పాఠం పంక్తి దూరమైన 12 పాయింట్లు వస్తాయి. కారణం చారిత్రకం. కంపోజిటర్ పంక్తి తర్వాత పంక్తి కూర్చేవాడు, పంక్తుల మధ్య లెడ్లు వేసేవాడు. టెక్ అట్లా చేయదు. క్నూత్, మైకేల్ ప్లాస్ కలిసి 1981లో ప్రకటించిన పద్ధతి ప్రకారం పేరా అంతా చేతికి వచ్చాకనే ఎక్కడెక్కడ పంక్తి విరవాలో ఒకేసారి నిర్ణయిస్తుంది. పేరా ముగిసే క్షణంలో ఏ పంక్తి దూరం అమల్లో ఉంటే అదే పేరా మొత్తానికీ వర్తిస్తుంది. బ్రాకెట్ అంతకుముందే మూసుకుంది కనుక చిన్న టైపు దూరం అప్పటికే చెరిగిపోయింది. పేరా ముగించి, ఆ తర్వాత బ్రాకెట్ మూయడమే దీనికి మందు. టైపు అక్షరానికి అంటుకుని ఉంటుంది, ఎడం పేరాకు అంటుకుని ఉంటుంది. కంపోజిటర్ చేతిలో ఈ రెండూ ఒకటిగా ఉండేవి.

పేజీది ఇంకా స్వతంత్ర స్వభావం. పేజీ ఎప్పుడు నిండుతుందో రచయితకు తెలియదు. వాలు అక్షరాల ఉల్లేఖన మధ్యలో కూడా నిండవచ్చు. అప్పుడు అడుగున వేసే పేజీసంఖ్య ఏ టైపులో రావాలి? క్నూత్ తన మూల ఏర్పాటులో పేజీసంఖ్యకు టైపు పేరును బాహాటంగా రాసిపెట్టాడు. ఆ క్షణంలో ఏ టైపు నడుస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరని 1984 నాటి తన పుస్తకంలో హెచ్చరించాడు కూడా.

సార్వత్రికం అనే ఆజ్ఞను విచ్చలవిడిగా వాడితే ఏమవుతుంది? అనేకుల వ్యాసాల సంకలనం ఒకదాని కూర్పు పని నేను చూశాను. ఒక వ్యాసకర్త తన ఫైలులో ఉల్లేఖనల అంచును సార్వత్రికంగా మార్చుకున్నాడు. ఆయన వ్యాసం అందంగానే ఉంది. ఆయన తర్వాత వచ్చిన తొమ్మిది వ్యాసాల ఉల్లేఖనలు కూడా ఆయన ఇష్టప్రకారమే కుంచించుకుపోయాయి. ఆ తొమ్మిదిమందికీ కారణం తెలియదు. తమ ఫైళ్లలో వెతికితే కనబడేది కాదు మరి. ఆయన వ్యాసం మొత్తాన్ని మేము బ్రాకెట్లలో పెట్టి చూశాం, లాభం లేకపోయింది. సార్వత్రికం అన్నది ఎన్ని బ్రాకెట్లున్నా అన్నిటినీ చీల్చుకుని బయటికి పోతుంది. టెక్‌లో దీనికి ఒక చిత్రమైన మీట ఉంది, 'గ్లోబల్‌డెఫ్స్' అని. దాని విలువ సున్నా కంటే ఎక్కువైతే ప్రతి మార్పూ సార్వత్రికమే. సున్నా కంటే తక్కువైతే 'గ్లోబల్' అన్న మాటకు విలువే లేదు. ఆ రెండో వైపు తిప్పితే మా వ్యాసకర్త అంచు ఆగింది, దానితోపాటు వ్యాసాల సంఖ్యలూ ఆగిపోయాయి. చివరికి ఆయన ఫైలులో ఆ ఒక్క మాటను కొట్టివేయవలసి వచ్చింది.

ఒకే విలువను ఒకసారి స్థానికంగా, ఒకసారి సార్వత్రికంగా మార్చడం ఇంకా ప్రమాదం. అట్లా మార్చిన ప్రతిసారీ దొంతర మీద అనవసరంగా ఒక పాత విలువ చేరుతుంది. ఆవరణ పెద్దదైతే దొంతర నిండి యంత్రం ఆగిపోతుంది. మూల ప్రోగ్రాంలో దొంతరకు ఇచ్చిన స్థానాలు 600 మాత్రమే. అందుకని క్నూత్ ఒక ఆచారం పెట్టాడు. తాత్కాలిక అవసరాలకు వాడే రిజిస్టర్లలో 0, 2, 4, 6, 8 స్థానిక మార్పులకు, 1, 3, 5, 7, 9 సార్వత్రిక మార్పులకు. ఇది ఆచారమే, చట్టం కాదు. యంత్రం తనిఖీ చేయదు. 1990ల మొదట్లో ఫ్రాంక్ మిట్టెల్‌బాక్, క్రిస్ రౌలీ, రైనర్ షోఫ్ మొదలైనవారు లాటెక్‌ను తిరిగి నిర్మించే పనికి పూనుకున్నప్పుడు ఈ ఆచారాన్ని పేర్లలోకి తెచ్చారు. స్థానిక విలువ పేరు 'ఎల్'తో మొదలవుతుంది, సార్వత్రికం 'జి'తో, మార్చకూడనిది 'సి'తో. ఆ భాష 2020లో లాటెక్ మూలంలోనే చేరింది. సరి సంఖ్య, బేసి సంఖ్య అనే గుట్టు కన్నా పేరులోనే స్వభావం చెప్పడం మేలని నేననుకుంటాను.

తెలుగుకు ఈ తగాదాతో సంబంధం పదం విరవడం దగ్గర మొదలవుతుంది. పంక్తి చివర పదాన్ని ఎక్కడ విరవవచ్చో చెప్పే సూత్రాల పట్టికను టెక్ కోసం ఫ్రాంక్ లియాంగ్ తన 1983 పరిశోధనలో రూపొందించాడు. మొదట్లో టెక్‌కు ఒకే భాష పట్టిక ఉండేది, అది ఇంగ్లీషుది. ఐరోపా వాడకందార్ల ఒత్తిడి మీద క్నూత్ 1990లో మూడో రూపాన్ని విడుదల చేశాడు. అందులో 256 భాషలకు చోటు కల్పించాడు. తర్వాత తన పని ముగిసిందని, ఇక దోషాలు దిద్దడం తప్ప మార్పులు ఉండవని ప్రకటించాడు. ఈ మూడో రూపంలో 'ఏ భాష నడుస్తోంది' అనేది స్థానికం. పట్టికలు సార్వత్రికం. పైగా భాష మారిన ప్రతిచోటా పేరా లోపలే ఒక కనబడని గుర్తు పడుతుంది. పేరా ఇంగ్లీషులో ముగిసినా, మధ్యలో ఉన్న వాక్యం తన భాష సూత్రాల ప్రకారమే విరుగుతుంది. పంక్తి దూరానికి దక్కని గౌరవం భాషకు దక్కింది.

1990లలో టెక్‌తో తెలుగు కూర్చాలంటే రోమన్ అక్షరాల్లో టైపు చేసి తెలుగు రూపాల్లోకి మార్పించుకోవలసి వచ్చేది. 2004లో జోనథన్ క్యూ జీటెక్‌ను విడుదల చేశాక, యూనికోడ్ తెలుగును పోతన 2000 వంటి అక్షరాలతో నేరుగా కూర్చడం సాధ్యమైంది. ఇక్కడే విద్యార్థులు తరచుగా ఒక పొరపాటు చేస్తున్నారు. ఇంగ్లీషు సిద్ధాంత గ్రంథంలో ప్రబంధంలోని వచనం ఉదహరించడానికి బ్రాకెట్ తెరిచి తెలుగు అక్షరాలు మాత్రం పిలుస్తారు. భాష మార్చరు. కంటికి తెలుగు కనబడుతుంది, యంత్రం ఇంకా ఇంగ్లీషు పట్టికతోనే చూస్తుంటుంది. అందులో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు కనుక విరిచే చోటు ఎక్కడా దొరకదు. ఇంగ్లీషు మాటలైతే ఎట్లాగో సర్దుకుంటాయి. మన వచనంలో ఒక్కో సమాసం సగం పంక్తి ఉంటుంది. అది అంచు దాటి తెల్లకాగితం మీదకు పొడుచుకువస్తుంది, లేదా దాని ముందు పంక్తిలో మాటల మధ్య ఖాళీలు నోళ్లు తెరుస్తాయి. తెలుగు పొడుగు మాటలు యంత్రానికి సరిపడవని కొందరు తీర్మానిస్తున్నారు. 2008లో వచ్చిన పాలీగ్లాసియాలో తెలుగు పేరుతోనే ఆవరణ ఉంది. అది అక్షరాలను, భాషను కలిపి మార్చి, మూసేటప్పుడు కలిపి వెనక్కు తెస్తుంది. అదే సమాసం అందులో పెడితే అక్షరం చెడకుండా విరుగుతుంది.

అయినా ఆ ఆవరణ లోపల ఒక ఆజ్ఞ మాత్రం స్థానికం కాదు. పట్టిక విరిచిన తీరు నచ్చకపోతే, ఫలానా మాటను ఫలానా చోటనే విరవమని మినహాయింపు రాసుకోవచ్చు. ఆ మినహాయింపు ఏ బ్రాకెట్‌లో రాసినా ఆ భాషకు చేరుతుంది, బ్రాకెట్ మూసినా పోదు. సంధి ఎక్కడ విడదీయాలన్న దాని మీద ఒక వ్యాసకర్త తన అభిప్రాయాన్ని తన పేజీలో రాసుకుంటే, ఆయన తర్వాత వచ్చే ప్రతి వ్యాసంలోనూ ఆ మాట ఆయన చెప్పినచోటనే విరుగుతుంది. మరొకరు అదే మాటకు మరో మినహాయింపు రాసేదాకా అంతే.